మా కాక కుడికాలు

మొన్న వికారాబాద్‌లో, కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులకు ఒక క్లాసు చెప్పి రమ్మన్నారు. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలను ఎలా పరీక్ష చేయాలి అన్నది విషయం. పదిమందిలో నిలబడి చెప్పడం నాకు పెద్దగా చేతకాదు. అయినా ఇన్నేళ్ళుగా పల్లె దవాఖానలో చేస్తున్న పనే కదా అని ఒప్పుకున్నాను. సన్నటి నైలాన్ దారం పట్టుకుని, పాదంలో ఏయే చోట తాకించాలో, దారం వంగేదాకా ఎలా నొక్కాలో, తెలుస్తుందా అని ఎలా అడగాలో చూపిస్తున్నాను. ముందు వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, తెలవకున్నా తెలుస్తున్నదని చెప్తే ఏం చెయ్యాలె?" అని అడిగింది.

ఆ పిల్ల ఆ ప్రశ్న అడగకుండా ఉంటే బాగుండేది. ఇక క్లాసు నా చేతిలో లేదు. పోయిన వానాకాలంలో కన్నుమూసిన మా కాక గురించి చెప్పడం మొదలుపెట్టాను, మళ్ళీ ఆపలేకపోయాను. కళ్ళ పరీక్ష, కిడ్నీల పరీక్ష గురించి చెప్పాల్సినవన్నీ అలాగే ఉండిపోయాయి. బతికున్నన్నాళ్ళూ నా సమయం తిన్నది చాలక, పోయాక కూడా తింటున్నాడు మహానుభావుడు.

కాక అంటే నాకు చుట్టమేమీ కాదు. మా వైపు చిన్నాయనను కాక అంటాం. వయసు మళ్ళిన మగవాళ్ళందరినీ అలాగే పిలుస్తాం. ఆయన యాలాల్ దాటాక లోపలికి ఉండే ఒక ఊళ్ళో గొర్రెలు కాసేవాడు. ఆ ఊరి పల్లె దవాఖాన నాది. రోజూ తాండూరు నుంచి ఆటోలో పోయి వస్తాను. అక్కడ డాక్టరు ఉండరు, అవసరమైతే ఫోన్లో దొరుకుతారు. నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి, ఆపైన ఈ పని కోసమే ఒక కోర్సు చదివాను. బీపీ, షుగర్, గర్భిణులు, పిల్లల టీకాలు, దగ్గులు, జ్వరాలు, ఏది వచ్చినా మొదట చూసేది నేనే. ఎవరికి ఇక్కడే మందివ్వాలి, ఎవరిని ఆలస్యం చేయకుండా పై దవాఖానకు పంపాలి అన్నది తేల్చడమే నా ఉద్యోగం. కోర్సులో అన్నీ నేర్పారు. కాకలాంటి మనిషి వస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని అర్థం చేసుకోవాలంటే ముందు మంద సంగతి తెలియాలి. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు, తాండూరులో బండలు పాలిష్ చేసే యూనిట్లో పనిచేస్తాడు. గొర్రెల మీద అతనికి మనసు లేదు. మేపడానికి బీళ్ళు మిగల్లేదు, కంది చేల పక్కనుంచి నడిపిస్తే రైతులు కర్రలు పట్టుకుని వస్తారు, కూలికి కాసేవాళ్ళు దొరకరు. అమ్మేద్దామని కొడుకు, ససేమిరా అని తండ్రి. చివరికి కులపెద్దల ముందు కూర్చున్నారు. అక్కడ కాక తనంతట తానే ఒక మాట ఇచ్చాడట. కుంటే జీవాన్ని మేం మందలో ఉంచుకోం, నేను కుంటిన రోజు నా మందను అమ్మేయండి, అప్పటిదాకా ఎవరూ ఈ ఊసెత్తొద్దు అని. పెద్దలు సరేనన్నారు, కొడుకు కూడా తలూపాడు. ఊళ్ళో అందరికీ ఈ ఒప్పందం తెలుసు. అంటే మొత్తం మంద ఆయన రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఆ కాళ్ళకేమో షుగర్ ఉంది.

దవాఖానకు ఒక్కడే వచ్చే అలవాటు ఆయనకు లేదు. మందతో సహా వచ్చేవాడు. ముందు ఆయన, వెనక గొర్రెలు. అవన్నీ రోడ్డు మీద సర్దుకుని పడుకునేవి. ఆటోలు, ట్రాక్టర్లు ఆగిపోయి హారన్లు కొడుతుంటే ఈయన మాత్రం వరండాలో బెంచీ మీద గొంగడి పరుచుకుని తీరిగ్గా కూర్చునేవాడు. కొన్ని గొర్రెలు మెట్లెక్కి లోపలికి కూడా తొంగిచూసేవి. పిల్లలకు టీకాలు వేసే రోజున సైతం ఇదే తంతు. ఊడ్చే ఆమెకు, ఆయనకు ఎప్పుడూ గొడవే. నేను బయటికి వచ్చి కేకలేస్తే, నీ పేషెంట్ల కంటే నా జీవాలే నయం, చెప్పిన చోట కూర్చుంటాయి అనేవాడు. చెప్పిన చోట కూర్చోని మొదటి పేషెంటు తనేనన్న సంగతి ఆయనకు తట్టేది కాదు.

పోనీ ఊరికే కూర్చుంటాడా అంటే అదీ లేదు. వరుసలో ఉన్నవాళ్ళందరినీ నాకంటే ముందు తనే చూసేసేవాడు. గొర్రెకు పొట్టలో నట్టలు, అంటే పురుగులు, ఉన్నాయో లేదో కనురెప్ప కిందికి లాగి చూస్తారు కదా, అలాగే పిల్లల కనురెప్పలు లాగి రక్తం తక్కువుందని తేల్చేవాడు. ముసలమ్మలను నాలుక చాపమనేవాడు. దగ్గేవాళ్ళను దూరంగా కూర్చోబెట్టేవాడు, ఆ ఒక్కటి మాత్రం సరైన పనే. నా దగ్గరికి వచ్చేసరికి ప్రతివాళ్ళూ తమ రోగం పేరు తామే చెప్పేవాళ్ళు. ఒకసారి ఒక గర్భిణితో, నీ నడక చూస్తే కవలలే అని చెప్పాడు. ఆ పిల్ల భయంతో తిండి మానేసింది. స్కానింగ్ చేయిస్తే లోపల ఉన్నది ఒక్క బిడ్డే. ఆ సంగతి చెప్పి నిలదీస్తే, రెండోది వెనక దాక్కుందేమో మళ్ళీ తీయించమన్నాడు.

"నువ్వు రెండుకాళ్ళోళ్ళను జూస్తవ్, నేను నాలుగుకాళ్ళయి జూస్త. గంతే ఫరక్" అనేవాడు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నవ్వు కూడా వచ్చేది. కానీ ఆయన ముందు నవ్వితే ఇక పట్టపగ్గాలుండవని పళ్ళు బిగపట్టుకుని ఉండేదాన్ని.

రోగి మాట్లాడుతుంటే అడ్డుపడొద్దు, తనంతట తాను చెప్పనివ్వాలి అని మాకు కోర్సులో నేర్పారు. ఆ నేర్పినవాళ్ళ దగ్గరకు కాకను ఒక్కపూట పంపి చూడాలని నాకు ఎంత కోరికగా ఉండేదో. ఒంట్లో ఎట్లున్నది కాకా అని అడగడమే పాపం, నల్లగొర్రె ఈనలేక అవస్థ పడిన కథ మొదలయ్యేది. అది అయ్యాక, కరణ్‌కోట వైపు మేపుకు పోతే క్వారీలో పేలుడుకు మంద చెల్లాచెదురైన కథ. అది అయ్యాక, ఎవరి కుక్క ఎవరి పిల్లను కరిచిందన్న పంచాయితీ. ఇందులో తన ఒంటి గురించి ఒక్క ముక్క ఉండదు. చివరికి గోలీలు తీసుకుని, గొంగడి దులుపుకుని, గడప దాటబోతూ వెనక్కి తిరిగేవాడు. అన్నట్టు బిడ్డా, అరికాళ్ళు మంటలు పుడుతున్నయ్ అనేవాడు. అప్పటికే నా ఎదురుగా ఇంకొకరు కూర్చుని ఉండేవారు. వాళ్ళను లేపి ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టాలి. మళ్ళీ నల్లగొర్రె దగ్గరినుంచి వినాలి.

ఇక గోలీల సంగతి. రోజూ వేసుకోవాల్సినవి. ఒక్కపొద్దని ఉపవాసం ఉన్న రోజు వేసుకునేవాడు కాదు, గోలీ మింగితే ఒక్కపొద్దు చెడుతుందట. ఊరికి పోయిన రోజు వేసుకునేవాడు కాదు. ఒంట్లో బాగున్న రోజు అసలే వేసుకునేవాడు కాదు, బాగున్నవాడికి మందెందుకని. అదే, గొర్రెలకు నట్టల మందు తాగించే రోజు చూడాలి ఆయన హడావుడి. ఒక్క పిల్ల తప్పిపోయినా పొద్దు వాలేదాకా వెతికి పట్టుకుని గొంతులో పోసేవాడు. ఆ శ్రద్ధలో పావు వంతు నీ మీద పెట్టరాదా అని నేనంటే, అవి మూగజీవాలు బిడ్డా, వాటి బాధ అవి చెప్పుకోలేవు, నాకు నోరున్నది గదా అనేవాడు. ఆ ఉన్న నోటితో ఏనాడు నిజం చెప్పాడు గనక.

షుగర్ చూసే రోజు ముందుగా తెలిసిందంటే చాలు, తిండి తగ్గించి, గోలీలు వరుసగా మింగి, మంచి పిల్లవాడిలా వచ్చేవాడు. వేలు గుచ్చి చూస్తే అంతా చక్కగా ఉండేది. నేను పిచ్చిదానిలా మెచ్చుకునేదాన్ని. తర్వాత ఒకసారి రక్తం తీసి జిల్లా ల్యాబుకు పంపి, మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించాను. అందులో గుట్టంతా బయటపడింది. రిపోర్టు చూపించి అడిగితే ఆయనకు కోపం వచ్చింది. గిది చాడీల పరీక్ష అన్నాడు. ఊళ్ళో షుగర్ ఉన్నవాళ్ళందరూ ఇప్పుడు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నేను ఎంత మొత్తుకున్నా ఆ పేరు పోవడం లేదు.

పాదాల పరీక్ష దగ్గర ఆయన మరీ చెలరేగిపోయాడు. షుగర్ చాలాకాలం ఉంటే కాళ్ళలో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, బొబ్బ లేచినా తెలియదు. అందుకే దారం తాకించి చూస్తాం. మొదటిసారి నేను తాకించిన ప్రతిసారీ తెలుస్తున్నది అన్నాడు. నా చెయ్యి కదలడం చూసి చెబుతున్నాడని అనుమానం వచ్చి, ఆయన తువ్వాలతోనే కళ్ళు కట్టాను. అప్పుడూ తెలుస్తున్నది, తెలుస్తున్నది అంటూనే ఉన్నాడు. నేను దారం పక్కన పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ఆశమ్మ, అంటే మా ఊరి ఆశ వర్కర్, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాక మాత్రం కొంచెంకొంచెం సేపటికి తెలుస్తున్నది అని చెబుతూనే ఉన్నాడు.

తువ్వాల విప్పి, నేను తాకనే లేదు కాకా అన్నాను. గాలి తాకింది తెలిసింది అన్నాడు. నేను ఆ రోజు మామూలుగా తిట్టలేదు. కాళ్ళు మొద్దుబారాయని, రోజూ సాయంత్రం అరికాలు తిప్పి చూసుకోవాలని, మెత్తటి చెప్పులు వేసుకోవాలని, ఆనెకాయలు సొంతంగా కోసుకోవద్దని ఒకటికి పదిసార్లు చెప్పాను. ప్రతిదానికీ సరేనన్నాడు. ఆయన అంత తేలిగ్గా సరేనంటున్నాడంటే ఏమీ చేయడని నాకు తెలుసు. అందుకే ప్రతి నెలా పాదాలు చూపించాకే గోలీలు అని షరతు పెట్టాను. రెండు మూడు నెలలు ఎడమకాలు ముందుకు పెట్టి, కుడికాలికి ఏదో ఒక సాకు చెప్పాలని చూశాడు. పట్టుబట్టి రెండూ చూశాను. పుండు లేదు, బొటనవేలి కింద గట్టి ఆనెకాయ ఒకటి ఉంది. కత్తి పెట్టొద్దని మళ్ళీ చెప్పాను.

తర్వాత మనిషి రావడమే మానేశాడు. గొర్రెలు ఈనే కాలం, తీరిక లేదని కబురు పంపాడు. ఆశమ్మను ఇంటికి పంపితే దొరకలేదు, చేలకు పంపితే దొరకలేదు. చివరికి ఒకరోజు నేను ఆటో దిగి నడుస్తుంటే మంద ఎదురొచ్చింది. ముందు ఆయన లేడు. గొర్రెలన్నీ వెళ్ళిపోయాక, ఎక్కడో వెనక, కర్ర మీద బరువు వేసి మడమతో నడుస్తూ వస్తున్నాడు. నన్ను చూడగానే కర్ర భుజాన వేసుకుని మామూలుగా నడవబోయాడు.

రెక్క పట్టుకుని దవాఖానకు తెచ్చాను. పాదమంతా ఊదారంగు. మందకు గుర్తులు వేస్తుంటే రంగు పడిందన్నాడు. అది రంగు కాదు, గొర్రెల గిట్టలకు పుండ్లు పడితే కొట్టే మందు. ఈగ ఒకటి వచ్చి బొటనవేలి దగ్గర వాలింది. ఆయన కాలు కదపలేదు. దగ్గరికి వంగితే వాసన వచ్చింది.

"రంగుకు గీ వాసనొస్తదా కాకా?" అని అడిగాను.

నీళ్ళతో కడుగుతూ పోతే ఆనెకాయ ఉన్నచోట గుంత కనబడింది. ఆనెకాయ పెరిగి, చెప్పులో ఇమడక, నడక వంకర పోతోందట. ఎవరైనా చూస్తే కుంటుతున్నాడంటారని, గొర్రెల గిట్టలు చెక్కే కత్తితో తనే చెక్కుకున్నాడు. గిట్ట చెక్కినట్టే లోపలిదాకా చెక్కాడు. నొప్పి తెలిస్తే కదా ఆపడానికి. కుంటకుండా ఉండాలని చేసిన పని అది.

నాకు ఏడుపొచ్చింది, అది తిట్ల రూపంలో బయటికి వచ్చింది. ఆయన శాంతంగా విన్నాడు. నొప్పి లేనిది పుండెట్ల అవుతది బిడ్డా అని నాకే పాఠం చెప్పాడు. నొప్పి లేకపోవడమే రోగం అని నేను ఎంత చెప్పినా, ఆయన చెవికి ఎక్కలేదు. పాదం మీద ఎరుపు పైకి పాకుతోంది. జ్వరం కూడా ఉంది. డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను, వెంటనే తాండూరు పంపమన్నారు. ఈ పుండు ఎముకదాకా పోయి ఉంటే కాలే తీసేయాల్సి వస్తుందని కాకకు దాచకుండా చెప్పాను. ఆయన గడ్డం గోక్కుంటూ లెక్కలు వేసుకున్నాడు.

"దవాఖానకు పోతే కుంటిన్నని అందరికి తెలుస్తది, మంద పోతది. పోకుంటే కాలు పోతది, గప్పుడు గూడ మంద పోతది. రెండిట్ల ఏది జర ఆలస్యంగ పోతది, గది చెప్పు" అన్నాడు.

ఇలాంటి ప్రశ్నకు ఏ పుస్తకంలో జవాబుంటుంది? రెండోది అయితే మందతో పాటు నువ్వు కూడా పోతావు అని అరిచాను. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో భయం కనబడింది. చావంటే కాదు. తను పోతే ఆ సాయంత్రం జీవాలను కొట్టంలోకి ఎవరు తోలుతారన్నది ఆయన భయం. కొడుకుకు చెప్పవద్దని చెయ్యి పట్టుకున్నాడు. నీ రోగం సంగతి నా నోటినుంచి రాదు, కానీ ఇప్పుడే నాతో ఆటో ఎక్కాలి అన్నాను. షుగర్ ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి కళ్ళు కూడా చూపించాలి కాబట్టి, ఊళ్ళో అడిగినవాళ్ళకు కళ్ళ పరీక్షకు పోతున్నానని చెప్పుకోమన్నాను. అది ఆయనకు నచ్చింది. మందను పక్కింటి కాపరికి అప్పగించి, కనబడిన ప్రతివాడికీ కళ్ళు మసకలేస్తున్నాయని చెబుతూ ఆటో ఎక్కాడు. దారిపొడవునా బండల లారీలు లేపే దుమ్ములోంచి, ఏ చేను ఎవరిదో, ఏ చేలో గొర్రెలకు పనికొచ్చే గడ్డి ఉందో ఆటో అతనికి చెబుతూనే ఉన్నాడు. కళ్ళు మసకలేసినవాడు ఇన్ని చూస్తాడా అని ఆటో అతను నన్ను అడిగాడు.

తాండూరులో డాక్టరు పుండులోకి సన్నటి పరికరం పెట్టి చూస్తే ఎముక తగిలింది. వెంటనే వికారాబాద్ తీసుకుపోవాలి, తోడు మనిషి ఉండాలి అన్నారు. కాక వైపు చూశాను. కొడుక్కు ఫోన్ నువ్వు చేస్తవా, నన్ను చెయ్యమంటవా అని అడిగాను. ఆయన తన ఫోన్ నా చేతిలో పెట్టాడు.

కొడుకు పని మధ్యలోనే పరిగెత్తుకొచ్చాడు. కనుబొమ్మల మీద కూడా బండల పొడి ఉంది. వస్తూనే తిడతాడని నేను అనుకున్నాను. అతను తండ్రి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నేను మంద అమ్ముతనని గీ కాలు గిట్ల దాసుకున్నవా నాయినా?"



వికారాబాద్‌లో రెండు వేళ్ళు తీసేసి కాలు కాపాడారు. అక్కడ మీటింగుకు పోయినప్పుడు వార్డుకు వెళ్ళాను. కొడుకు నా ముందే తండ్రితో చెప్పాడు. మందను అమ్మను, ఎవరినైనా కూలికి పెడతాను, దొరక్కపోతే పాలిష్ పని మానేసి నేనే కాస్తాను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళ గొడవ ఒక్కమాటతో తీరిపోయిందనుకున్నాను. కాక తల అడ్డంగా ఊపాడు.

"పెద్దల ముంగట మాటిచ్చిన. నేను కుంటిన. అమ్మెయ్."

కొడుకు బతిమాలాడు. నేను ఊరుకోలేకపోయాను. నాతో ఏడాదిపాటు ఒక్క నిజం చెప్పలేదు కదా, గోలీల దగ్గర అబద్ధం, దారం దగ్గర అబద్ధం, పుండు దగ్గర అబద్ధం, ఇప్పుడు ఈ మాట దగ్గరే నీకు సత్యం గుర్తొచ్చిందా అని వార్డులో అందరూ వినేటట్టు అడిగాను.

"నీతోని ఆడింది వేరే బిడ్డా. నువ్వు నా బిడ్డసుంటిదానివి. గది పెద్దలతోని" అన్నాడు.

ఆ మనిషితో ఎవరు వాదించగలరు? కర్ణాటక వైపు నుంచి ఒక వ్యాపారి వచ్చి మందను చూశాడు. ధర కొడుకు మాట్లాడుకున్నాడు. కాక మంచం మీద నుంచే ఫోన్ తీసుకుని ఆ వ్యాపారితో కన్నడంలో చాలాసేపు మాట్లాడాడు. సరిహద్దు పక్కన ఉన్నవాళ్ళం కాబట్టి నాకూ కొంచెం అర్థమవుతుంది. ఏ గొర్రె తొట్టిలో నీళ్ళు తాగదో, ఏది వానకు బెదురుతుందో, ఏ పిల్లను తల్లినుంచి అప్పుడే విడదీయొద్దో చెబుతున్నాడు. తన రోగం గురించి ఇందులో సగం వివరంగా నాకు ఏనాడూ చెప్పలేదు. అవతల ఆ వ్యాపారి ఓపిగ్గా విన్నాడు, పాపం.

ఊరికి తిరిగొచ్చాక కట్టు మార్పించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాడు. ఇక చూడండి, ఆయనంత మంచి పేషెంటు మా దవాఖానలో ఇంకొకరు లేరు. చెప్పిన రోజు చెప్పిన వేళకు వచ్చేవాడు. గోలీలు ఒక్కటి మానలేదు, ఒక్కపొద్దులే మానేశాడు. దారం తాకిస్తే, తెలుస్తలేదు అని ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఎంసీఆర్ చెప్పులని మెత్తటివి తెప్పించి ఇస్తే వాటినే వేసుకున్నాడు. వరుసలో ఎవరి కనురెప్పలూ లాగలేదు. ఒంట్లో ఎట్లున్నది అని అడిగితే మంచిగనే ఉన్నది అని చెప్పి ఊరుకునేవాడు. రోడ్డు మీద ఆటోలు ఆగకుండా పోతున్నాయి. వరండా శుభ్రంగా ఉంటోంది. చాడీల పరీక్షలో కూడా ఏ చాడీ లేదు. వికారాబాద్ మీటింగులో మా దవాఖాన పేరు చదివి, సరైన సమయంలో పంపి ఒక కాలును కాపాడారని చప్పట్లు కొట్టారు.

నాకేమో ఆయన్ని చూస్తుంటే మునుపటి కంటే ఎక్కువ చిరాకు వేసేది. నల్లగొర్రె కథ చెప్పవయ్యా, ఒక్క అబద్ధమైనా ఆడవయ్యా అని గట్టిగా అరవాలనిపించేది. పాత కాకతో వేగలేకపోయాను. ఈ కొత్త కాకను చూడలేకపోయాను.

పుండు మానడానికి చాలాకాలం పట్టింది. ఒకరోజు కట్టు విప్పి చూస్తే చర్మం పూర్తిగా కలిసిపోయింది. ఆశమ్మను కూడా పిలిచి చూపించాను. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇగ కట్టు అక్కర్లేదు కాకా, కాలు మంచిగైంది, మెల్లగ నడువొచ్చు అన్నాను. ఆయన ఆ పాదాన్ని కింద పెట్టాడు. లేని వేళ్ళ దగ్గర ఒకసారి తడుముకున్నాడు.

"కాలైతే మిగిల్చినవ్ బిడ్డా. నీ కడుపు సల్లగుండ" అన్నాడు. కొంచెం ఆగి, "గిప్పుడు దీన్నేసుకొని నేను ఏడికి పోవాలె?" అని అడిగాడు.

వెటకారంగా అడగలేదు. నిజంగా తెలియక, నాకు తెలిసే ఉంటుందనుకుని అడిగాడు. కాలు ఎలా కాపాడాలో నాకు తెలుసు. ఏ చెప్పులు వేయాలో, ఎన్నాళ్ళకోసారి చూడాలో, ఏ గుర్తు కనబడితే పైకి పంపాలో తెలుసు. దాంతో ఎక్కడికి పోవాలో తెలియదు. దుఃఖం ముంచుకొచ్చింది. నాకు దుఃఖం వస్తే ముందు నోరు లేస్తుంది.

"ఏడికన్న పో. చాయ్ హోటల్ కాడికి పో, చావిడి కాడికి పో. ఏడికి పోబుద్ధి గాకుంటే గీడికే రా. గీ బెంచి మీదనే కూసో" అని కసిరాను.

ఆయన గొంగడి భుజాన వేసుకుని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను ఆటో దిగేసరికి తాళం వేసి ఉన్న దవాఖాన ముందు, బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అది టీకాల రోజు. వెనకాలే చంటిపిల్లల తల్లులు వస్తున్నారు, మందుల పెట్టె అప్పుడే వచ్చింది, నాకు ఊపిరాడడం లేదు. తలుపు తీస్తూనే ఏం తకలీఫ్ కాకా, మళ్ళ ఏమైంది అని అడిగాను.

"ఏం తకలీఫ్ లేదు. నువ్వే రమ్మంటివి గదా."

చిరాకేసింది. కూర్చోమన్నాను. కన్నుమూసే ముందు రోజు దాకా అలాగే వచ్చి కూర్చున్నాడు.